బాణానికి ఇవతలి వైపు

సిల్వియా టీచరు రోజూ పొద్దున శంషాబాద్ బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కేది. వెనక సీటు దొరికితే సంతోషం. డ్రైవరు పక్కన సగం కూర్చుని సగం వేలాడాల్సి వచ్చినా కిక్కురుమనేది కాదు. పాల్మాకుల దాటాక రోడ్డు పక్కన దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మట్టిదారిన బడికి నడిచేది. నెత్తి మీద విమానాలు కడుపులు చూపిస్తూ దిగుతుండేవి. అవి ఎంత కిందికి వచ్చినా తలెత్తి చూసేవాళ్లు ఆ దారిలో ఎవరూ లేరు. బడికి చేరాక ప్రార్థన, హాజరు, ఆ తర్వాత పదో తరగతికి భౌతిక రసాయన శాస్త్రం. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది అది. పదో తరగతి పుస్తకాలు కూడా కొత్తవే. అందులో రసాయన చర్యల పాఠం వస్తే మాత్రం పిల్లలు ఒక్కరూ బడి ఎగ్గొట్టేవాళ్లు కాదు.

దానికి కారణం పదో తరగతి గదిలోని నల్లబల్ల. దాని మీద రాసిన సమీకరణం సరిగ్గా తుల్యమైతే, అది అక్కడికక్కడే చిటికెడంత జరిగిపోయేది. హైడ్రోజన్, ఆక్సిజన్ రాసి, బాణం గీసి, రెండు వైపులా పరమాణువులు సరిపోయేలా ముందు అంకెలు వేస్తే బల్ల చెమ్మగిల్లి నాలుగు నీటిచుక్కలు జారేవి. అంకెలు తప్పితే ఏమీ జరగదు, బల్ల బల్లలాగే ఉంటుంది. కాబట్టి తప్పో ఒప్పో టీచరును అడగాల్సిన పని పిల్లలకు ఉండేది కాదు. ఇనుము, కాపర్ సల్ఫేటు రాస్తే సుద్దముక్కలు పెట్టుకునే చెక్క మీద ఎర్రటి రాగి పొడి రాలేది. లెడ్ నైట్రేటు, పొటాషియం అయొడైడు రాస్తే పసుపునీళ్ల చార కిందికి దిగేది. రెండు కలిసి ఒకటైతే సంయోగమనీ, ఒకటి విడిపోతే వియోగమనీ, ఒకదాన్ని ఇంకోటి నెట్టేస్తే స్థానభ్రంశమనీ, రెండూ జోడీలు మార్చుకుంటే ద్వంద్వ వియోగమనీ పిల్లలు కళ్లారా చూసి చెప్పేవాళ్లు.

హెడ్మాస్టరు ఈశ్వరయ్య సారు పెట్టిన కట్టడి ఒక్కటే. సోడియం జోలికీ, క్లోరిన్ జోలికీ పోవద్దు. తనిఖీకి వచ్చిన పెద్దాయన తడిబల్లను చూసి, దగ్గర ఒక పొడిగుడ్డ ఉంచుకోమని సలహా ఇచ్చి టీ తాగి వెళ్లిపోయాడు. బల్ల తనకు కావలసిన సరుకును ల్యాబ్ గదిలోని సీసాల్లోంచి తీసుకుంటుందని అందరికీ తెలుసు. సీసాలు అడుగంటితే ఈశ్వరయ్య సారు కొంచెం గొణిగి కొత్తవి తెప్పించేవాడు.

పిల్లలు చేసే తప్పు ఏటా ఒకటే. ముందు అంకె మార్చమంటే కింది అంకె మార్చేవాళ్లు. ఆ ఏడు రేఖ అనే పిల్ల నీటి ఆక్సిజన్ కింద రెండు వేసి, ఇటు రెండు అటు రెండు సరిపోయాయని గర్వంగా వెనక్కి తిరిగింది. బల్ల మీంచి ఏదో కారింది కానీ అది నీళ్లు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడు. తుడిచిన నల్లగుడ్డ తెల్లబడింది, రేఖ వేళ్లు చురుక్కుమన్నాయి. సిల్వియా ఆ పిల్ల చేతులు కడిగించి, లెక్క సరిపోయింది గానీ వస్తువే మారిపోయిందని నెమ్మదిగా చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. అది ఆవిడ ప్రతి తరగతిలో చెప్పే మాటే. బాణానికి ఇవతల లేనిది అవతలికి రాదు. అవతల ఏదైనా కనబడితే, అది ఇవతల ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ఇంత చక్కగా చెప్పే మనిషి సాయంత్రమైతే ఎటు పోవాలో తెలియక బడిలోనే కూర్చునేది. శంషాబాద్‌లో ఆవిడ కిరాయికి ఉండేది మేడ మీద ఒక్క గది. కిందటి చలికాలం దాకా ఆ గదిలో తల్లి లీలమ్మ ఉండేది. లీలమ్మకు ఆయాసం. పగలంతా మాట్లాడే ఓపిక లేకపోయినా, ఆమె ఊపిరి మాత్రం గదంతా వినబడుతుండేది. సిల్వియా వంట చేసినా, పేపర్లు దిద్దినా, పడుకున్నా ఆ చప్పుడులోనే. ఏళ్లకేళ్లు ఆ ఊపిరి ఎప్పుడు తప్పుతుందోనని భయపడింది. ఒక రోజు తప్పింది. చర్చివాళ్లు వచ్చి పాటలు పాడారు, ప్రార్థన చేశారు, భోజనాలు పెట్టారు, వెళ్లిపోయారు. ఆ తర్వాత గదిలో తన ఊపిరి ఒక్కటే మిగిలింది. ఎవరి ఊపిరి వాళ్లకు తోడుగా ఉండదు. ఆ సంగతి సిల్వియాకు అప్పుడే తెలిసింది.

వానాకాలంలో ఒక రోజు చివరి పీరియడ్‌లో ఎవరో, మనం ఊపిరి తీసుకోవడం కూడా రసాయన చర్యేనా అని అడిగారు. అవునని చెప్పి సిల్వియా బల్ల మీద రాసింది. గ్లూకోజు, ఆక్సిజన్, బాణం, కార్బన్ డయాక్సైడ్, నీరు. తుల్యం చేసేలోపు గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వెళ్లిపోయారు. ఖాళీ గదిలో, సగంలో వదిలేయడం ఇష్టం లేక, ఆవిడే మిగతా అంకెలు వేసింది.

C₆H₁₂O₆ + 6O₂ → 6CO₂ + 6H₂O

బల్ల ఊపిరి విడిచింది. వెచ్చగా, తడిగా, సిల్వియా చెంప మీద. మిగతా చర్యలు ఒక్కసారి జరిగి ఆగిపోయేవి. ఇది ఆగలేదు. కాసేపు ఆగి ఇంకో ఊపిరి, మళ్లీ ఇంకోటి. కొంచెం బరువుగా, చివర్లో సన్నని కీచుతో, పెద్దవయసు మనిషి ఊపిరిలా. సిల్వియా కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. కళ్లనీళ్లు వాటంతట అవే కారిపోయాయి. ఆపాలని కూడా అనిపించలేదు.

ఆ రోజు నుంచి అదే అలవాటైంది. అందరూ వెళ్లాక సమీకరణం రాసి, బల్ల పక్కన కూర్చుని పేపర్లు దిద్దేది. కొన్నాళ్లకు మాట్లాడటం మొదలుపెట్టింది. ఆటోలో ఎవరు ఏమన్నారో, ఇంటి ఓనరు నీళ్లు ఎప్పుడు వదిలాడో, ఆదివారం పాస్టరుగారు ప్రసంగం ఎంత సాగదీశాడో అన్నీ చెప్పేది. చీకటి పడేముందు గుడ్డతో తుడిచేసి ఆఖరి ఆటోకు పరిగెత్తేది. ఆ ఊపిరిలో అప్పుడప్పుడు కట్టెల పొగ వాసన, ఉల్లిగడ్డ వాసన వచ్చేవి. లీలమ్మ దగ్గర ఎప్పుడూ జిందా తిలిస్మాత్ మందు వాసన తప్ప ఇంకోటి రాలేదు. ఆ తేడా సిల్వియా ముక్కుకు తెలుసు, మనసే తెలుసుకోనంది. ల్యాబ్‌లో గ్లూకోజు సీసా లేదన్న సంగతి కూడా అంతే.

బడిలో మధ్యాహ్న భోజనం వండేది దుర్గవ్వ. ఎయిర్‌పోర్టు కట్టేటప్పుడు ఖాళీ చేయించిన ఊళ్లలో ఒక ఊరి మనిషి. ఇరుగుపొరుగంతా తలా ఒక దిక్కయ్యారు, భర్త శివయ్య కొత్తచోట రెండేళ్లు కూడా బతకలేదు, పిల్లలు లేరు. సిల్వియా ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేది కాబట్టి వాళ్లిద్దరి మధ్య ఇన్నేళ్లలో నమస్తే దాటి మాట నడవలేదు. బతుకమ్మ పండగ సెలవులు అయ్యేసరికి దుర్గవ్వ సగమైంది. చెంపలు లోపలికి పోయాయి, గరిటె పట్టుకుని నిలబడలేక పీట మీద కూర్చుని వడ్డించేది. దవాఖానలో రక్తం తక్కువని గోలీలు ఇచ్చారు. గుణం కనబడలేదు. కందుకూరులో ఉన్న ఆమె చెల్లెలు లింగమ్మ వచ్చి, ఇక్కడే ఉంటే పోతావని ఏడ్చి, ఆదివారం వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్లింది. ఈశ్వరయ్య సారు వేరే వంటమనిషి కోసం ఊళ్లో చెప్పి పెట్టాడు.

ఆ వారంలో ఒక రోజు దుర్గవ్వ పనికి రాలేదు. ఆ సాయంత్రం సిల్వియా ఎప్పటిలాగే సమీకరణం రాసింది. బల్ల ఊపిరి తీయలేదు. కార్బన్లు ఇటు ఆరు, అటు ఆరు. హైడ్రోజన్లు, ఆక్సిజన్లు అన్నీ సరిపోయాయి. తుడిచి మళ్లీ రాసింది. అయినా బల్ల బల్లలాగే ఉంది. అంకెలన్నీ సరిగ్గా ఉండి కూడా చర్య జరగకపోతే అర్థం ఒక్కటే, బాణానికి ఇవతల సరుకు లేదు. తాను ఏటా పిల్లలకు చెప్పే మాట అప్పుడు తన మీదే పడింది. బల్ల ఉన్న గోడకు అవతలి పక్క ఏముంది? మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డు ఉంది. కట్టెల పొగ, ఉల్లిగడ్డ.

మర్నాడు దుర్గవ్వ వచ్చింది. మధ్యాహ్నం పిల్లలు తింటుండగా సిల్వియా దగ్గరికి వెళ్లి, ఎలా ఉందని అడిగింది. టీచరు తనతో మాట్లాడినందుకు దుర్గవ్వ ఆశ్చర్యపోయి, కొంగు సర్దుకుని చెప్పింది.

"పగటాల మంచిగనే ఉంటది టీచరమ్మా. గిన్నెలు కడిగి గోడకు ఒరిగి కూసున్ననంటే ఇగ పానం ఎటో గుంజుకపోయినట్టయితది. నోట్ల బెల్లంగడ్డ ఏసుకున్నా ఆగది."

అంటే బల్లకు సరుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోయినట్టే. అయినా ఆ సాయంత్రం సిల్వియా మళ్లీ రాసింది. ఒక్కసారి, చివరిసారి, ఒక్క నాలుగు ఊపిర్లు అనుకుంది. ఆదివారం దాటితే దుర్గవ్వ కందుకూరులో ఉంటుంది, బల్ల మూగదైపోతుంది, ఈ లోకంలో తనకు వినబడే ఊపిరి ఇంకొకటి ఉండదు. బల్ల వెచ్చగా ఊపిరి విడిచింది. సిల్వియా కళ్లు మూసుకుని, ఇవాళ ఆటోలో ఏమైందో చెప్పబోయింది. గోడ అవతల సత్తు గిన్నె దబ్బున పడి దొర్లిన చప్పుడైంది.

గుడ్డ కోసం కూడా చూడలేదు. అరచేతులతో, మోచేతులతో బల్లనంతా తుడిచేసింది. బడి చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తింది.

దుర్గవ్వ గోడకు జారగిలబడి ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. సిల్వియా ఆమె తల ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న గుడ్డమూటలోంచి బెల్లం తీసి నీళ్లలో కలిపి కొంచెం కొంచెం తాగించింది. చాలాసేపటికి ఆమె కళ్లు తెరిచి, సుద్దపొడి పూసుకున్న టీచరు చేతుల వైపు చూసింది.

సిల్వియా అంతా చెప్పేసింది. బల్ల సంగతి, అమ్మ సంగతి, ఏ రోజు నుంచి రాస్తున్నదీ, అన్నీ. నిన్ననే తెలిసిందనీ, తెలిసీ ఇవాళ మళ్లీ రాశాననీ కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయింది. దుర్గవ్వ తిడుతుందని, లేచి ఊళ్లోకి పోయి అందరికీ చెబుతుందని అనుకుంది. అలా చేస్తే బాగుండునని కూడా అనుకుంది.

దుర్గవ్వ గోడ వైపు తిరిగి, దాన్ని ఒకసారి చేత్తో తడిమింది.

"రోజూ గీ గోడ లోపల్నుంచి ఎవలో మాట్లాడుతుండ్రి," అంది. "ఆటో అంటరు, నీళ్లంటరు, పాస్టరంటరు. నువ్వేనా?"

సిల్వియా తలూపింది.

"పానం గుంజుతున్నదని నాకెరికనే బిడ్డా. గీడ కూసోకుంటె గుంజదని గుడ ఎరికనే. ఇంటికి పోతె ఏముంది? గీడ కూసుంటె ఒక మాట ఇనొస్తుండె. దానికోసమే కూసుంటుంటి."

ఎవరి ఊపిరినో దొంగిలిస్తున్నాననుకుంది సిల్వియా. గోడకు అవతల ఆ మనిషి తెలిసీ గోడకు చేరబడి కూర్చుంది, పక్కన ఒక గొంతు వినబడితే చాలని. ఇన్ని రోజులూ ఇద్దరి మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ. చుట్టూ తిరిగి రావడానికి తనకు ఎంతసేపు పట్టింది? ఆ లెక్క తేలేసరికి సిల్వియాకు ఏడుపు ఆగలేదు. దుర్గవ్వ ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చేతిలో బలం లేదు, అయినా తీయలేదు.

"మరి నా ఊపిరి నీకేమన్న అక్కరకొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందవ్వా."

"అయితే మంచిదే. ఇగ రాయకు. ఊకె వచ్చి కూసో."

సిల్వియా కళ్లు తుడుచుకుని ఆమె పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. పక్కన ఊపిరి వినబడుతూనే ఉంది, కొంచెం బరువుగా, చివర్లో సన్నని కీచుతో. ఆదివారం లింగమ్మ కందుకూరు నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చి, దుర్గవ్వ రానందని తిట్టుకుంటూ ఒక్కతే తిరిగి వెళ్లింది.