ఎల్లమ్మ మోకాలికి వాత

పొయ్యిలో కడ్డీ ఎర్రబడింది. చెంచయ్య దాన్ని బయటికి తీయలేదు.

అరుగు మీద అతని భార్య ఎల్లమ్మ కుడికాలు చాపుకుని కూర్చుంది. మోకాలి మీద జానెడు కోత గుర్తు. నిరుడు ఒంగోలులో కీలు మార్చారు. కాలు నిలిచింది గానీ నొప్పి పోలేదు. మొన్న మళ్లీ వెళితే డాక్టరు ఎక్స్‌రే చూసి, కీలు బాగానే ఉంది, కొందరికి నొప్పి మిగులుతుంది, మాత్రలూ వ్యాయామమూ మానొద్దు, మళ్లీ వచ్చి చూపించుకోమన్నాడు.

"బాగుండేది ఫోటోలోని కాలంట! నాది కాదంట!" అంది ఎల్లమ్మ. "కోత పక్కన చీమ కుట్టినా తెలీదు. లోపల మాత్రం పట్టకారుతో పీకినట్టు ఉండాది. పెట్టు మామా."

"మనిషికి నేనెప్పుడూ పెట్టలేదే."

"కుంటి గొర్రెకున్న గతి నాకు లేదా? హనుమంతునిపాడు చుట్టూ ఉండే మందలన్నీ నీ కాడికే తోలుకొస్తారు. ఇంట్లోదాన్ని నేనే కానిదాన్నైనానా?"

"లోపల ఇనుము ఉండాది, పిచ్చిదానా."

"ఇనుముకు నొప్పేంది? నొప్పి నాది. పెట్టవా, చెప్పు. గొర్రెలకు పూసే పిడుదుల మందు సీసా యాడుండాదో నాకు తెలుసు, తాగేస్తా."

ఆ మాటకు చెంచయ్య కడ్డీ అందుకున్నాడు.

వాతకు అతని దగ్గర ఒకటే కొలత. జీవం గింజుకోగానే కడ్డీ ఎత్తేయాలి. ముందే ఎత్తితే వాత పట్టదు. ఆలస్యమైతే మాంసం ఉడుకుతుంది. ఆ కొలత అతనికి ఎన్నడూ తప్పలేదు.

"కళ్లు మూసుకో. అరవబాక."

"నా సంగతి నీకెందుకు, కానీ!"

ఎల్లమ్మ కొంగు పళ్ల మధ్య కరిచిపట్టి కళ్లు మూసుకుంది. చెంచయ్య కోత పక్కన కడ్డీ ఆనించాడు. ఆమె గింజుకోలేదు. పట్టలేదనుకుని అదిమాడు. కాలు కదల్లేదు. పొగ లేచింది. ఇంకా అదిమాడు.

దొడ్లో పడుకున్న కుక్క లేచి, ముక్కు పైకెత్తి వాసన చూసింది.

అప్పుడు తగిలింది అతనికీ ఆ వాసన. చెయ్యి లాక్కున్నాడు. కడ్డీతో పాటే చర్మం లేచి వచ్చింది. ఇందాక ఆమె చీమ గురించి అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

కడ్డీ కింద పడింది.

ఎల్లమ్మ కళ్లు తెరవలేదు. నోట్లోంచి కొంగు తీసింది.

"ఏంది మామా, ఇంకా పెట్టలేదా? లోపల అట్లనే పీకుతా ఉండాది. బెరీన పెట్టు."