తమ్ముడి స్లిప్పు

నన్ను అందరూ మైకక్క అంటారు. సబ్బుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో ముప్పై ఏళ్ళు మిషన్ల రొదను మించి అరిచిన గొంతు నాది. రిటైరయ్యాక కూడా అది తగ్గలేదు. చివరికి ఆ గొంతే కొంప ముంచింది.

ఒకప్పుడు బోనస్ ఇవ్వలేక కంపెనీ మాకు తలా యాభై షేర్లు అంటగట్టింది. షేరుకో ఓటు. ఈ ఏడు చైర్మన్‌కి డెబ్బై దాటాయి. ఆయన మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవాలంటే నూటికి డెబ్బై అయిదు ఓట్లు పడాలని రూలు. ఆయన ఉన్నంతకాలం ఫ్యాక్టరీలో పాత బాయిలర్ మారదు. ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వు రెండుసార్లు బిగుసుకుపోయిందని చెబితే, "ఇంకో ఏడాది లాగించండి" అన్న మహానుభావుడాయన. ఆ బాయిలర్ ముందు రోజూ నిలబడేది నా తమ్ముడు. వాడు డ్యూటీ నుంచి తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు.

అందుకే ఇల్లిల్లూ తిరిగి, రిటైరైన వాళ్ళు నలభై మంది, తమ్ముడు, మొత్తం నలభై ఒక్కమంది చేత ప్రాక్సీ కాగితాల మీద సంతకాలు పెట్టించాను. షేర్‌హోల్డర్ల మీటింగుకి రాని వాళ్ళ ఓటు ఇంకొకరు వేయడానికి ఆ కాగితం. అందరికీ భయమే. కొడుకో, కోడలో, అల్లుడో ఇంకా ఫ్యాక్టరీలోనే ఉన్నారు మరి! ఎటు వేయాలో రాసే గడి ఖాళీగా వదిలేశారు.

"రేపు ఎవరైనా అడిగితే, కాగితం మైకక్కకిచ్చాం, ఆవిడ ఎటు వేసిందో మాకేం తెలుసు అంటాం" అన్నాడు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన తాత.

తమ్ముడు మాత్రం నోరు విప్పి చెప్పాడు. "ఆ రోజు నాకు డ్యూటీ. నాది 'వద్దు' అనే వెయ్యక్కా. మర్చిపోకు."

రెండు రోజుల ముందే కాగితాలన్నీ ఆఫీసులో ఇచ్చేశాను. అక్కడితో నోరు మూసుకోవచ్చుగా? మీటింగు ముందురోజు లేత్ తాత ఇంటికెళ్ళి, వీధి వీధంతా వినేలా దులిపేశాను. "సంతకాలు పెట్టి ముసుగు తన్ని పడుకుంటారా? నేనొక్కదాన్నే వెళ్ళి వాళ్ళ ముందు నిలబడాలా? కనీసం వచ్చి నా వెనకాల కూర్చోండి!"

వచ్చారు. నలభై మందీ ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని, మంచి చీరలు కట్టుకుని మరీ వచ్చారు. గుమ్మం దగ్గర హాజరు రిజిస్టర్లో వరసగా సంతకాలు పెట్టి నా వెనకాల కూర్చున్నారు. నా గుండె ఉప్పొంగిపోయింది. అంతలో ఓటింగ్ స్లిప్పులు పంచే గుమాస్తా నా దగ్గర వంగి చెప్పాడు.

"అమ్మా, వీళ్ళంతా స్వయంగా హాజరయ్యారు కాబట్టి మీకిచ్చిన ప్రాక్సీలు చెల్లవండి. ఎవరి ఓటు వాళ్ళే వేసుకోవాలి."

నా చేతిలో రెండే స్లిప్పులు మిగిలాయి. ఒకటి నాది, ఒకటి తమ్ముడిది. స్లిప్పు మీద పేరు రాయాలి, సంతకం పెట్టాలి. పర్సనెల్ మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని మా వరసల మధ్య మెల్లగా నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూశాను. లేత్ తాత పెన్ను పట్టుకుని బిక్కచచ్చిపోయి ఉన్నాడు. పక్కనావిడ కొంగుతో నుదురు తుడుచుకుంటోంది. ఇక అయిపోయింది, వీళ్ళెవరూ రాయరు అనుకున్నాను.

నా స్లిప్పు మీద 'వద్దు' అని బరబరా గీకేశాను. నాకేం, నన్నేం పీకుతారు? తమ్ముడి స్లిప్పు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళలో 'వద్దు' అన్నది వీడొక్కడే అవుతాడు. ఉద్యోగం పీకేస్తే? పీకకుండా కక్షకొద్దీ ఆ బాయిలర్ దగ్గరే రెండు షిఫ్టులూ వేస్తే? మేనేజరు బూట్లు నా కుర్చీ పక్కనే ఆగాయి. స్లిప్పు మడిచి పర్సులో దోపేసుకున్నాను. నా ఒక్క స్లిప్పే డబ్బాలో వేశాను.

గంట తర్వాత ఫలితం చదివారు. చైర్మన్ నెగ్గాడు. ఇంకో ముప్పై ఓట్లు ఎదురు పడి ఉంటే ఓడిపోయేవాడట.

బయట మెట్ల మీద లేత్ తాత నా చెయ్యి పట్టుకున్నాడు. "నలభై మందిమీ 'వద్దు' అనే రాశామే అమ్మాయీ. నువ్వంతలా తిట్టాక ఎలా ఊరుకుంటాం? వెధవది, ముప్పై ఓట్లు! ఒక్క స్లిప్పుకే యాభై కదా! ఎవడో ఒక్కడు వెనకాడి ఉంటాడు."

నేను పర్సు చంకలో నొక్కిపట్టుకుని మెట్లు దిగాను.

సాయంత్రం తమ్ముడు వచ్చి, చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. విషయం వాడికి అప్పటికే తెలిసిపోయింది. "పోన్లే అక్కా, మనం చేయాల్సింది మనం చేశాం. నాది వేశావుగా?"

"వేశాన్రా."

"ఏంటీ? వినపడలా."

"వేశాను."

"త్వరగా అన్నం పెట్టు. రేపు పొద్దున్నే షిఫ్టు. ఆ వాల్వు ఇవాళ మళ్ళీ బిగుసుకుంది" అన్నాడు వాడు.