జెలిపా చేతులు కలపలేదు

జెలిపా వాళ్ల వేరుశెనగ చేను మధ్యలోంచి దేశపు హద్దు పోతుంది. దానికి గుర్తు ఒక సిమెంటు దిమ్మ. వాళ్ల అమ్మమ్మ ఆ దిమ్మ మీదే పార సానపడుతుంది. ఇవతల జాంబియా, అవతల మలావి. ఇవతలి హైస్కూలుకి పోవాలంటే వాగు దాటాలి. వానల్లో ఆ వాగు ఎవరినీ దాటనివ్వదు. అవతలి బడి గంట మాత్రం వీళ్ల వంటింట్లోకి వినబడుతుంది. అందుకని ఊరి పిల్లలందరిలాగే జెలిపా కూడా అవతలే చదివింది. అది తప్పని ఎవరికీ తోచలేదు.

మంచి మార్కులతో పాసై, మేనమామ యొబేని వెంటపెట్టుకుని ఇవతలి యూనివర్సిటీకి వెళ్లింది. వాళ్లలో ఏ విషయమైనా మేనమామే మాట్లాడాలి. పిల్ల పక్కన కూర్చోవాలి.

సీట్లు చూసే సకాలా అనే ఉద్యోగి సర్టిఫికెట్టు చూసి, ఇది మలావిది కాబట్టి పిల్ల విదేశీ విద్యార్థి అన్నాడు. విదేశీ సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఆ పేరు మీదైతే ఈవేళే చేర్చుకుంటానన్నాడు. స్థానికురాలిగా సీటు కావాలంటే సర్టిఫికెట్టు ఇక్కడి చదువుకు సమానమేనని రాజధానిలో తేల్చాలి. అది తేలేలోగా గడువు దాటిపోతుంది. విదేశీ ఫీజు ఎక్కువే, కానీ ఎద్దుల్ని అమ్మితే సరిపోతుందని యొబే లెక్కేసుకున్నాడు. సరేనని అరచేతులు దోసిలిలా వంచి మెల్లగా చప్పుడు చేశాడు.

మేనమామ అలా చప్పుడు చేస్తే ఇంటివాళ్లు కూడా అలాగే చేతులు కలిపి చప్పుడు చేయాలి. అప్పుడే మాట ఖాయమైనట్టు. జెలిపా చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి.

సకాలాదీ ఆ ప్రాంతమే. కలం ఆపాడు.

"పెద్దాయనా, మీ పిల్ల చేతులు కలపలేదు."

"కలుపుతుంది లెండి, బస్సులో వాంతులయ్యాయి," అని యొబే మేనకోడలి వైపు తిరిగాడు. "ఏమే, చేతులు పడిపోయాయా?"

"బాగానే ఉన్నాయి మామా. నీ ఎద్దులకి రోజూ మేత వేసేది వీటితోనేగా."

సకాలా నవ్వాపుకున్నాడు. జెలిపా అతని వైపు తిరిగింది.

"సారూ, నా గుర్తింపు కార్డు ఇచ్చింది ఈ దేశమే. పరాయిది నా సర్టిఫికెట్టు, నేను కాదు. తేల్చాల్సింది దాన్నయితే దాన్ని పంపండి. నన్ను తేల్చకండి."

"ఈ ఏడు సీటు పోతుందమ్మాయ్."

"పోనివ్వండి. మా చేను అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వస్తుంది. పరాయిదాన్నని ఇక్కడ రాసిచ్చి, రేపు ఆ చేలో ఏ మొహంతో పార పట్టను?"

చేసిన చప్పుడు వెనక్కి తీసుకున్న మేనమామ ఆ వంశంలో లేడు. అయినా యొబే అరచేతులు బోర్లించి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"దాని మాటే మా ఇంటి మాట," అన్నాడు.

సకాలా సర్టిఫికెట్టు నకలు రాజధానికి పంపే కవరులో పెట్టి, వచ్చే ఏడు రమ్మన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు. ఏమైందని అమ్మమ్మ యొబేని అడిగింది. అతను వేయించిన శెనక్కాయలు గుప్పెడు నోట్లో పోసుకున్నాడు.

"నా నోరు ఖాళీ లేదు. దాన్నే అడుగు."

జెలిపా చెప్పింది. ఇంత చదివి ఏడాది పారబోసుకుందని పక్కింటావిడ మూతి తిప్పింది. జెలిపా ఆమె కూతురి వైపు తిరిగింది. ఆ పిల్ల అవతలి బడిలో ఆఖరి తరగతి. పాసైన వారంలోనే సర్టిఫికెట్టు రాజధానికి పంపాలని, ఎవరేమన్నా విదేశీ అని రాసివ్వొద్దని ఆ పిల్లకి చెప్పింది. మర్నాడు మిగతా ఇళ్లకీ వెళ్లి అదే చెప్పింది.

తర్వాత చేలోకి పోయి, సిమెంటు దిమ్మకి ఇవతల కూర్చుని పార సానపట్టింది. అవతల బడి గంట కొట్టారు. ఆమె తలెత్తలేదు.