నలిపి పారేయమన్న సీసా

నేను ఒక లీటరు నీళ్ల సీసాను. వేడి గాలి ఊదితే ఉబ్బి పుట్టిన ప్లాస్టిక్ జాతి నాది. పుట్టిన రోజే నా ఒంటిమీద ‘వాడిన తర్వాత నలిపి పారేయండి’ అని అంటించారు. పేరు పెట్టకముందే చావు రాసిపెట్టడం మనుషులకే చెల్లింది.

నన్ను మొదట కొన్నది ఒక పెళ్లిపెద్ద. జగిత్యాల బస్సులో రెండు గుక్కలు తాగి, సీటు కిందే మరిచి దిగిపోయాడు. బస్సు ఊడ్చినవాళ్లు బయట పడేస్తే, మైదానం పక్కన కూల్‌డ్రింకుల కొట్టు నడిపే లచ్చవ్వ ఏరుకొని కడిగింది. ఆ కొట్టులోనే సబిత చేతికి వెళ్లాను.

సబిత కానిస్టేబుల్ పరీక్షకు పరుగు సాధన చేస్తోంది. వయసు దాటిపోయేలోగా ఆమెకు దక్కిన ఆఖరి అవకాశం అది. నోటిఫికేషన్ పడగానే కంగారుపడి, అరిగిపోయిన బూట్లతో తారురోడ్డు మీద రోజూ రెట్టింపు దూరం పరుగెత్తింది. వారం తిరిగేసరికి కుడికాలు మోకాలి కింద, ముందువైపు ఎముక వెంట నొప్పి పట్టుకుంది.

“గిది తీస్కో బిడ్డా, గడ్డ కట్టినంక కాలుకు పెట్టుకో,” అంది లచ్చవ్వ. పగలకుండా ఉండాలని నన్ను నాలుగు వేళ్లు వెలితిగా నింపి, ఫ్రిజ్ పైఅరలో పడుకోబెట్టింది.

రోజూ పొద్దున సబిత నన్ను తువ్వాలులో చుట్టి ఆ ఎముక మీద పైకీ కిందికీ దొర్లించేది. పావుగంటలో నొప్పి మాయమయ్యేది. వెంటనే లేచి పరుగుకు వెళ్లిపోయేది. నేనూ గర్వంతో పొంగిపోయాను. మొద్దుబారిన కాలికి నొప్పి తెలియదనే సంగతి నాకేం తెలుసు? తొమ్మిదోనాడు ఆమె కొట్టు మెట్టు దిగలేక కూలబడింది.

ఆ మైదానంలో ఆడపిల్లలకు పరుగు నేర్పే రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ నర్సయ్య వచ్చి బొటనవేలితో ఎముక నొక్కాడు. సబిత కెవ్వుమంది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, అతి పరుగుతో ముంగాలి ఎముక వెంట వచ్చే వాపు, షిన్ స్ప్లింట్స్ అన్నాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే పరుగెత్తితే ఎముక చిట్లేదన్నాడు.

“ఐదు వారాలు ఉరుకుడు బంద్,” అన్నాడు నర్సయ్య. “పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగుడు మేలు బిడ్డా.”

“నిలబడి నీళ్లు తాగితే నౌకరి ఎవలిస్తరు సారూ? ఇంక తొమ్మిది వారాలే ఉన్నయ్!”

ఆయన ఆమె బూట్లు తీసుకుపోయి తన ఇంట్లో పెట్టుకున్నాడు.

ఆ ఐదు వారాలూ సబిత సైకిలు తొక్కింది. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించింది. మిగతా అమ్మాయిలు పరుగెత్తుతుంటే గట్టుమీద కూర్చొని చూసింది. ఒకరోజు నన్ను కాలికి ఆనించుకొని ఏడ్చింది కూడా. చల్లదనానికి నా ఒళ్లంతా అప్పటికే తడిసి ఉంది కాబట్టి ఆ కన్నీళ్లు ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం చాలా బాధేసింది. తొమ్మిది రోజులు ఆమెను మోసం చేసింది నేనే కదా.

రోజూ నర్సయ్య ఎముక నొక్కేవాడు. ఆమె ముఖం చిట్లించేది. ఐదో వారం చివర్లో చిట్లించలేదు. నర్సయ్య ఇంటి నుంచి బూట్లు వచ్చాయి, అవీ కొత్తవి. ఇక మట్టినేల మీద ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. తరువాత రెండు నిమిషాలు, ఆ తరువాత నాలుగు. ‘ఐసు సీసా మహిమ’ అని లచ్చవ్వ అందరికీ చెప్పుకుంది. నిజానికి కాలును బాగుచేసింది ఆగడం. పేరు మాత్రం నాకొచ్చింది.

పరీక్షనాడు సబిత నాలో మామూలు నీళ్లు పోసింది. గేటు బయట సంచిలోనే ఉండిపోయాను కాబట్టి ఆమె పరుగు నేను చూడలేదు. తిరిగొచ్చాక ఆయాసపడుతూ కూర్చుంది.

“కాలెట్లుంది?” నర్సయ్య అడిగింది అదొక్కటే.

సబిత బొటనవేలితో తనే నొక్కి చూసుకుంది. “ఏం లేదు సారూ. పెట్టిన గడువుల ఇంక పన్నెండు సెకన్లు మిగిలినయ్,” అని నన్ను ఎత్తి గటగటా తాగేసింది. నేను పుట్టింది అందుకే, ఆ పని నెరవేరింది మాత్రం ఆ రోజు.

అటుగా చిత్తు ఏరుకునే ఆవిడ వచ్చింది. “తొక్కి ఇయ్యమ్మా, సంచిల పట్టదు.”

సబిత నన్ను నేలమీద పెట్టి కాలు ఎత్తింది, ఆ కుడికాలే. ఒక్క తొక్కుతో అప్పడమయ్యాను. కిందనుంచి ఆమె ముఖం చూశాను. చిట్లించలేదు.