గ్రీన్ హౌస్ పిల్ల

ఆరో తరగతిలో చేరిన నిహారికకు చీటీలో ఎల్లో హౌస్ వచ్చింది. దోస్తులందరూ బ్లూలో పడ్డారు. "సార్‌కు చెప్పి మార్పియ్యి మమ్మీ" అని ఒకటే ఏడుపు.

పటాన్‌చెరులోని ఆ బడిలోనే వాళ్లమ్మ శ్రీలత కూడా చదివింది. ఆఫీసు ముందు వరుసలో నిలబడితే ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది. అప్పుడామెది గ్రీన్ హౌస్. ఆటలకు, చదువుకు, శుభ్రతకు పాయింట్లుండేవి. ఎవరికైనా ఆలస్యమైతే హౌస్ మొత్తానికి రెండు పోయేవి. సోమవారం ప్రేయర్‌లో లెక్క బోర్డు మీద రాసేవాళ్లు. ముత్తంగి నుంచి వచ్చే ఆటో లారీల మధ్య ఇరుక్కుంటే శ్రీలతకు ఆలస్యం. నాలుగు హౌసుల్లో గ్రీన్ ఎప్పుడూ అట్టడుగునే.

"నీ వల్లనే!" అని ఒక సోమవారం అందరూ మీద పడ్డారు. శ్రీలత నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని ఏడ్చింది.

గ్రీన్ కెప్టెన్ అలేఖ్య వెతుక్కుంటూ వచ్చింది. ఆంధ్ర నుంచి వచ్చి ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉండే కుటుంబం వాళ్లది. ఆమె మాట యాసను పిల్లలు వెక్కిరించేవాళ్లు. శ్రీలత కూడా నవ్వేది.

"రేపట్నుంచి నేనొస్తాలే. ఏడున్నరకల్లా రోడ్డు మీదుండు."

"మీ ఇల్లు అటుదిక్కు గదా అక్కా!"

"అయితే ఏంటి? నువ్వు మా హౌస్ పిల్లవి."

తెల్లారి నిజంగానే సైకిలేసుకుని వచ్చింది. ఆ ఏడాదంతా శ్రీలత వెనక క్యారియర్ మీద కూర్చుని, బరువెక్కువైతే దిగి నడుస్తూ, బెల్లుకు ముందే గేటు దాటింది. వేసవిలో అలేఖ్య నాన్నకు బదిలీ అయింది. ఎటు పోయారో శ్రీలతకు ఇప్పటికీ తెలియదు. ఆ యాస ఎక్కడ వినిపించినా తల తిప్పి చూస్తుంది.

"ఏం కావాలమ్మా?" అని, వరుసలో శ్రీలత వంతు రాగానే ఆటల సారు కామరాజు అడిగాడు.

"ఏం లేదు సార్. ఎల్లో టీషర్ట్ ఒకటియ్యండి."

నిహారిక మూతి ముడిచింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చోబెట్టుకుని శ్రీలత ఆ సంగతంతా చెప్పింది.

"మరి మీ హౌస్ ఫస్ట్ వచ్చిందా?"

"యాడిది! మూడోది."

"అంత కష్టపడితే మూడోదా!" నిహారికకు నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుని నోటీసు బోర్డు దగ్గరికి పోయింది, ఎల్లో కెప్టెన్ ఎవరో చూద్దామని.