లోపలి నుంచి చూసేదాన్ని

నేను ఒక స్కానింగ్ యంత్రానికి తీగతో వేలాడే పరికరాన్ని. డాక్టర్లు నన్ను ప్రోబ్ అంటారు. మా యంత్రానికి మేము ఇద్దరం. అక్క వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. పొట్ట మీద జెల్లు రాస్తే పైనుంచే చూస్తుంది. నేను సన్నగా, జానెడు పొడవుంటాను. ఆడవాళ్లను లోపలి నుంచి చూస్తాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు.

నన్ను తయారుచేసిన చోట, చేతులకు తొడుగులు వేసుకున్నవాళ్లు నన్ను ఒక మెత్తటి రబ్బరు ముద్దలోకి దించి పరీక్షించారు. రబ్బరు ఏమీ అనలేదు. నేను పనికొస్తానని తేల్చారు.

మొదట తణుకులో డాక్టర్ కామేశ్వరి గారి స్కానింగ్ సెంటరుకి వెళ్లాను. ఆవిడకొక అలవాటుండేది. ముందుగా నన్ను మంచం మీది మనిషికి చూపించి, ఎందుకో ఏమిటో చెప్పి, "సరేనామ్మా?" అని ఆగేవారు. జవాబు వచ్చేదాకా ఆగేవారు. ఒకావిడ "మా ఆయన్నడిగి చెప్తానండీ" అంటే, "చూసేది మీ ఆయన్ని కాదు కదమ్మా" అని నవ్వారు. కొందరు తల అడ్డంగా ఊపేవారు. అప్పుడు నన్ను మళ్లీ కొక్కేనికి తగిలించి అక్కతోనే సరిపెట్టేవారు. అది నాకు అవమానంగా తోచలేదు. నాకు ఏదీ తోచదు.

ఆవిడ సెంటరు మూసేశాక మా యంత్రం ఒక పెద్దాస్పత్రికి చేరింది. అక్కడ ఉండగానే కొత్త చట్టం వచ్చింది. గర్భం తీయించుకోవడానికి వచ్చే ప్రతి స్త్రీకీ లోపలి స్కాన్ తప్పనిసరి అన్నారు. అక్క పైనుంచి చూసి అంతా స్పష్టంగా చెప్పినా సరే, నేను తీసిన బొమ్మ లేకపోతే ఆపరేషన్ లేదు. స్త్రీల భద్రత కోసమేనట. ఆ చట్టం చేసినవాళ్లలో ఒక్కరినీ నేను చూడలేదు. చాలామంది నాకు కనిపించే అవకాశం ఉన్నవాళ్లు కారనుకుంటాను.

ఒక మంగళవారం పొద్దున ధనకోటి వచ్చింది. రొయ్యల షెడ్డులో ఐసు మీద రొయ్యలు ఒలిచే మనిషి. వేళ్ల కొసలు నాని తెల్లబడి ఉన్నాయి. రెండో కాన్పులో చావు అంచుదాకా వెళ్లివచ్చింది. ఇంకోసారి కడుపొస్తే ప్రాణానికి పూచీ లేదని అప్పుడే చెప్పారు. ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. తీయించుకుందామని ఆమే అనుకుంది. మొగుడు సరేనన్నాడు, వెంట వచ్చాడు.

అక్కతో చూడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి. అందుకే వచ్చినవాళ్లకు ముందుగా నీళ్లు తాగిస్తారు. నాతో చూడాలంటే ఖాళీగా ఉండాలి. ఈ సంగతి ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లందరికీ తెలుసు.

డాక్టర్ మేఘన అక్కతో చూసి, "బాగా కనిపిస్తోంది, సందేహమేమీ లేదు" అన్నారు. తర్వాత నా వైపు చెయ్యి చాపారు.

"అదెందుకండీ?" అంది ధనకోటి.

"లోపలి నుంచి కూడా చూడాలమ్మా."

"వద్దండీ. పైనుంచి కనపడిందన్నారు కదండీ."

"కనపడింది. కానీ రూలు."

"నాకొద్దండీ."

డాక్టరుగారు చెడ్డమనిషి కారు. "ఇది చేయకపోతే నేను ఆపరేషన్ చేయలేను. నా చేతులు కట్టేశారమ్మా" అన్నారు. ఆ చేతుల్లో నేనున్నాను.

సిస్టర్ ఎస్తేరు ధనకోటిని లేపి, "పో, ఒంటికెళ్లి రా" అంది. ధనకోటి వెళ్లలేదు. గది గుమ్మానికి తెర ఒక్కటే అడ్డం. ఆ తెర అవతల బెంచీ మీద కూర్చుని పక్కనున్నామెతో చెప్పడం విన్నాను.

"కాళీ సెయ్యకపోతే లోపలిది పెట్టలేరంట. మా సెడ్డులో గంట కొట్టేదాకా ఒంటికి కూడా లెగనివ్వరు. నాకిది అలవాటే."

"మరింకా తాగుతున్నావేంటే? గోదారంతా మింగేత్తావా?" అని పక్కామె నవ్వింది. ధనకోటి కూడా నవ్వి, సీసా ఎత్తి ఇంకాస్త తాగింది.

మొగుడు వచ్చి గొణిగాడు. "పోనీలే కోటీ, ఒక్క నిమిసం పనంట."

"అయితే నీకు పెట్టమను, ఒక్క నిమిసం."

బెంచీ అంతా నవ్వింది. అతను బీడీ వంకతో బయటికి పోయాడు.

కాసేపటికి సిస్టర్ ఎస్తేరు వచ్చింది. "ఎవరి మీదమ్మా ఈ పంతం? రూలేమన్నా మా ఇంట్లో రాశామా?"

"మీ మీద కాదండీ. ఒళ్లు నాది కదండీ."

ఎస్తేరు చేతిలోని కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత, "డాక్టరుగారు ఒంటిగంటకి వెళ్లిపోతారు. మళ్లీ మంగళవారమే" అంది.

ఒకరి తర్వాత ఒకరు లోపలికి వచ్చి వెళ్లారు. నేను నా పని చేస్తూనే ఉన్నాను. తెర అవతల ధనకోటి గొంతు తగ్గింది, తర్వాత వినపడలేదు. తెర తొలగినప్పుడల్లా కనిపించేది. మోకాళ్లు బిగించి, ముందుకు వంగి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. చివరికి బెంచీ కిర్రుమంది. బాత్రూము గడియ పడిన చప్పుడైంది.

తిరిగి వచ్చి, ఎవరూ చెప్పకుండానే మంచమెక్కి గోడవైపు మొహం తిప్పుకుంది. నాకు తొడుగు వేశారు, జెల్లు రాశారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె ఏమీ అనలేదు. నేను చూశాను. అక్క చూసిందే నేనూ చూశాను. ఒక్క గీత కూడా ఎక్కువ లేదు.

డాక్టరుగారు రిపోర్టు పైకి చదువుకుంటూ టైపు చేస్తున్నారు. "రోగి అంగీకారంతో..."

చీర సర్దుకుంటున్న ధనకోటి తల తిప్పింది. "నేనెప్పుడు ఒప్పుకున్నానండీ?"

డాక్టరుగారి వేళ్లు ఆగాయి. సిస్టర్ ఎస్తేరు నన్ను తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా అంది.

"ఒంటికెళ్లొచ్చావు కదమ్మా."

డాక్టరుగారి వేళ్లు మళ్లీ కదిలాయి.

ఆపరేషన్ బాగానే జరిగిందని తర్వాత విన్నాను. ధనకోటి మళ్లీ ఈ గదికి రాలేదు. కొన్నాళ్లకు ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ మాట ఆమెదాకా చేరిందో లేదో తెలియదు.

ఇప్పుడు మేము పాతబడ్డాం. అక్క చూసిన బొమ్మ యంత్రం తెర మీద పడడం మానేసింది. నా తీగ చిట్లింది. మమ్మల్ని స్టోరు గదిలో, విరిగిన చక్రాల కుర్చీల మధ్య పడేశారు. పనికిరాని సామాను అమ్మాలంటే ముగ్గురు అధికారులు ఒప్పుకోవాలట. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన వద్దన్నారు. ఎందుకు వద్దన్నారని ఆయన్నెవరూ అడగలేదు. వద్దన్నారు కాబట్టి, ఆ తర్వాత నన్నెవరూ ముట్టుకోలేదు.