నలభై మూడో పుట దగ్గర

ఆ నీలి తెర నా భర్త బతికుండగానే మొదలైంది. నేను పదకొండేళ్లు శ్రమించి రాసిన సముద్రతీర దీపస్తంభాల చరిత్రకు బొమ్మలు చేర్చిన నాటి నుంచి, ఫైలు తెరిచి నలభై పుటలు దాటానో లేదో కంప్యూటర్ తెరంతా నీలమైపోయేది. నాలుగు తెల్లని వాక్యాలు చూపించి, యంత్రం తనంతట తానే మళ్లీ మొదలయ్యేది.

"నాకెప్పుడూ ఆగలేదే! నీ చెయ్యి అలాంటిది," అనేవారు. రేవులో గుమాస్తాగా జీవితమంతా గడిపిన ఆ మనిషి నా పుస్తకంలో ఒక్క వాక్యమూ చదవలేదు.

ఆయన పోయి ఐదు నెలలు. శుక్రవారానికి ముద్రాపకుడికి ప్రతి అందించాలి. యంత్రం రోజుకు మూడుసార్లు కూలుతోంది.

"అన్నయ్యకి ఆ పుస్తకం ఇష్టం లేదు వదినా. పట్టుబట్టి ఆపుతున్నాడు," అంది ఆడపడుచు, కంప్యూటర్ ఉన్న గది గుమ్మం దాటకుండానే.

"బతికుండగా తిన్న కంచం తీయని మనిషి, పోయాక ఇంత పని చేస్తారా?"

నవ్వింది గానీ లోపలికి రాలేదు. నేను దెయ్యాలను నమ్మను. అయినా ఆ మాట మెడ వెనక చల్లగా నిలిచిపోయింది. ఆయనకు నిజంగా ఇష్టం లేకపోతే, దాన్ని అచ్చుకిచ్చే హక్కు నాకుందా?

మర్నాడు మెకానిక్ వచ్చాడు.

"ఫార్మాట్ కొట్టేద్దామా అమ్మా?"

"రోగమేమిటో తెలియకుండా తల తీసేస్తావా బాబూ?"

"అబ్బో, మీతో వేగడం కష్టమే!" అంటూ పెట్టె విప్పాడు. లోపల రెండు ర్యామ్ కార్డులు. ఒకటి యంత్రంతో వచ్చింది. రెండోది ఏదో పాత యంత్రం నుంచి ఊడదీసింది. "ఎవరో స్పీడు పెంచుదామని పెట్టారు. ఈ రెండింటికీ పొసగలేదు. పెద్ద ఫైలు తెరిస్తే చాలు, పడిపోతుంది. ఎప్పుడెప్పుడు పడిందో అదే రాసిపెట్టుకుంది, చూడండి."

చూశాను. నావి సాయంత్రాలు. మిగిలినవన్నీ గురువారాలు, ఉదయం పదకొండుకూ ఒంటిగంటకూ మధ్య. నేను గ్రంథాలయంలో ఉండే వేళ. ముప్పై ఆరు గురువారాలు. చివరిది ఆయన పోవడానికి రెండు రోజుల ముందు.

పాత కార్డు తీసేశాక యంత్రం నిలబడింది. ఆ చివరి గురువారం కూలే ముందు అది దాచుకున్న ప్రతిని మెకానిక్ తెరిచాడు. నలభై మూడో పుట. మా రేవు దీపం ఆరిపోయి, పడవ బండలకు కొట్టుకున్న రాత్రి. తప్పంతా దీపం కాపలావాడిదేనని రాశాను. పక్కన ఆయన టైపు చేసిన మాటలు:

"ఆర్పింది కాపలావాడు కాదు,"

కామా తరువాత ఏమీ లేదు.

"మరి ఎవరటమ్మా?" అన్నాడు మెకానిక్.

ఆ రాత్రి విధుల పట్టిక నకలు నా బీరువాలోనే ఉంది. అందులో రెండే పేర్లు: కాపలావాడు, గుమాస్తా. సొంత మనిషి పేరు పుస్తకంలో ఎందుకని, రెండో పేరును నేనే వదిలేశాను.

ముద్రాపకుడికి ఫోన్ చేశాను. "శుక్రవారం కుదరదు. ఒక పుట మార్చాలి."

"ఒక్క పుటేగా అమ్మా? ఎంతసేపు?"

"ఒక పేరు చేర్చాలి," అన్నాను.